షట్‌డౌన్ పనులకు ముందు: బాండ్ కోట్ ఎంపికలో జాగ్రత్తలు

మొన్న ఒక హీట్ ట్రీట్‌మెంట్ ఫర్నేస్‌లో బర్నర్ పక్కన బిగించిన స్టీల్ రేకు మీది జిర్కోనియా (ఒక సిరామిక్) పూత పెచ్చులుగా ఊడి బర్నర్ నోట్లో పడింది. మంట పక్కకు తిరిగి లైనింగ్‌ను తినేసింది. బయటి షెల్ ఎర్రబడేదాకా ఎవరూ గమనించలేదు. షిఫ్ట్‌లో ఉన్నవాళ్లు వెంటనే గ్యాస్ కట్టేయబట్టి మనుషులకేమీ కాలేదు. పూత వేసి నెల కూడా తిరగలేదు. గ్రిట్ బ్లాస్టింగ్ (లోహాన్ని గరుకు చేయడం), మందం, పుల్ టెస్ట్ (పూతను లాగి చూసే పరీక్ష) రిపోర్టులన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఆ వేడికి ఆ బాండ్ కోట్ (సిరామిక్ పట్టుకోవడానికి దాని కింద కొట్టే లోహపు పొర) పనికిరాదు, అంతే.

వానాకాలం ఓవర్‌హాల్ పనులు మొదలవుతున్నాయి. హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల పూత షెడ్లకు "రెండు రోజుల్లో కావాలి" అంటూ జాబులు వచ్చిపడే రోజులివి. బ్లాస్టింగ్ ఎలా చేయాలో, గన్ ఎలా పట్టుకోవాలో మీకు నేను చెప్పనక్కర్లేదు. షెడ్లకు షెడ్లను ముంచిన తప్పు ఒకటుంది, దాని గురించే ఎక్కువ చెబుతాను. బాండ్ కోట్ దగ్గర వేడి ఎంతో అడగకుండా, స్టాక్‌లో ఉన్న పౌడర్ కొట్టేయడమే ఆ తప్పు.

వేడి సంగతి

చాలామంది లెక్క ఇలా ఉంటుంది: పైన సిరామిక్ ఉంది కదా, వేడిని అదే ఆపుతుంది, కింద ఏ బాండ్ కోట్ అయినా సరిపోతుంది. గ్యాస్ టర్బైన్ భాగాల్లో సిరామిక్ నిజంగానే వేడిని ఆపుతుంది, ఎందుకంటే వెనక వైపు చల్లటి గాలి ప్రవహిస్తూ ఉంటుంది. వేడి ఒక పక్క నుంచి వచ్చి ఇంకో పక్కకు పోతుంటేనే మధ్యలో ఉన్న సిరామిక్ తేడా చూపిస్తుంది. వెనక గాలీ నీళ్లూ ఏవీ లేకుండా ఫర్నేస్ లోపల వేలాడే రేకుకు ఆ వెసులుబాటు లేదు. 300 మైక్రాన్లు కొట్టినా, 500 కొట్టినా కాసేపటికి రేకు, బాండ్ కోట్, సిరామిక్ అన్నీ ఫర్నేస్ వేడికే చేరతాయి. ఫర్నేస్ 950 డిగ్రీలైతే బాండ్ కోట్ కూడా 950 డిగ్రీలే.

గాలి మాటేమిటి? జిర్కోనియా పూత నిండా సన్నటి రంధ్రాలుంటాయి. అవి లేకపోయినా వేడి మీద ఆక్సిజన్ అయాన్లు జిర్కోనియాలోంచే దాటిపోతాయి. మీ ఫర్నేస్‌లోని ఆక్సిజన్ ప్రోబ్ పనిచేసేది ఆ గుణం మీదే. అంటే ఆక్సిజన్ బాండ్ కోట్ దాకా ఎలాగూ వస్తుంది. వచ్చినప్పుడు అక్కడ పల్చగా, గట్టిగా, నెమ్మదిగా పెరిగే అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొర ఏర్పడాలి. ఏర్పడిన పొర రాలకూడదు. బాండ్ కోట్ అసలు పని ఇదే. అల్యూమినియం అయిపోతే నికెల్, క్రోమియం ఆక్సైడ్లు త్వరత్వరగా ఉబ్బి సిరామిక్‌ను పైకి లేపేస్తాయి. మంచి అల్యూమినా అయినా కొన్ని మైక్రాన్లు దాటి మందమెక్కితే సిరామిక్ నిలవదు.

అందుకే బాండ్ కోట్ దగ్గర వేడి ఎంతో ముందు తేల్చుకోండి. 95/5 నికెల్ అల్యూమినియం సుమారు 800 డిగ్రీల దాకానే. అందులో ఉన్న అల్యూమినియం 5 శాతం, అది ఎంతోకాలం రాదు. 80/20 నికెల్ క్రోమ్‌కు తయారీదారుల షీట్లలో 980 దాకా రాసి ఉంటుంది. కానీ అందులో అల్యూమినియం అసలు లేదు, వేడి 1000కి దగ్గరయ్యే కొద్దీ దాని క్రోమియం ఆక్సైడ్ ఆవిరైపోతుంటుంది. పైన సిరామిక్ వేసి 900 దాటించే పనికి దాన్ని నేను ఒప్పుకోను. అక్కడ ఎంక్రాలీ (నికెల్ లేదా కోబాల్ట్‌లో క్రోమియం, అల్యూమినియం, ఇట్రియం కలిసిన) రకాలే కావాలి. వాటిలో అల్యూమినియం 8 నుంచి 12 శాతం, క్రోమియం 20 శాతం అటూ ఇటూగా ఉంటుంది. చిటికెడు ఇట్రియం అల్యూమినాను కింది లోహానికి పట్టి ఉంచుతుంది. ఖరీదు ఎక్కువే. అయినా మళ్లీ ఫర్నేస్ చల్లార్చి, రేకు ఊడదీసి, పాత పూత గీకి, కొత్తగా కొట్టే ఖర్చు ముందు ఆ ఖరీదు ఒక లెక్క కాదు.

అలాగని ప్రతి పనికీ ఖరీదైనదే వాడమని కాదు. అల్యూమినియం పిస్టన్ తల 300 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది, దానికి 95/5 చాలు. బాయిలర్ ట్యూబుల మీద బూడిద కోతకు హెచ్‌వీఓఎఫ్‌తో (పౌడర్‌ను అతివేగపు మంటతో కొట్టే పద్ధతి) క్రోమియం కార్బైడ్ కొడుతుంటే మామూలుగా బాండ్ కోటే అక్కర్లేదు.

పుల్ టెస్ట్ సంగతి

"పుల్ టెస్ట్ పాసైంది" అనే మాట ఎన్ని షెడ్లలో విన్నానో. ఏఎస్‌టీఎం సీ633 పరీక్ష మామూలు గది వేడిలో చేస్తారు. ఎపాక్సీతో అతికించి లాగుతారు. బాండ్ కోట్ 950 డిగ్రీల దగ్గర వందల గంటలు నిలుస్తుందో లేదో ఆ అంకె చెప్పదు. సరిగ్గా బ్లాస్ట్ చేసిన ముక్క మీద 95/5 హాయిగా పాసవుతుంది. ఫర్నేస్‌లో రాలిపోయిన ఆ పూత కూడా పాసైనదే. ఆ పరీక్షతో బ్లాస్టింగ్ బాగుందో లేదో చూసుకోండి. పౌడర్ ఎంపిక మాత్రం బాండ్ కోట్ దగ్గర వేడిని బట్టే.

కస్టమర్ ఒక అంకె చెబితే అది ఎక్కడిదో అడగండి. గ్యాస్ వేడా, లోహం వేడా? వేడి కొలిచే థర్మోకపుల్ ఎక్కడుంది? రోజుకు ఎన్నిసార్లు ఆపి వెలిగిస్తారు? ఆపిన ప్రతిసారీ లోహం ఎక్కువ, సిరామిక్ తక్కువ ముడుచుకుంటాయి. ఆస్టెనిటిక్ స్టెయిన్‌లెస్ స్టీల్ డిగ్రీకి మీటరుకు 17, 18 మైక్రాన్లు సాగుతుంది, జిర్కోనియా 10, 11 మాత్రమే. కాబట్టి నెలల తరబడి ఆగకుండా నడిచే ఫర్నేస్ కంటే రోజూ ఆగి వెలిగే ఫర్నేసే పూతకు గండం.

ఇంధనం ఏమిటో కూడా అడగాలి. ఫర్నేస్ ఆయిల్‌లో వెనేడియం ఉంటే దాని ఆక్సైడ్ 690 డిగ్రీల దగ్గరే కరిగి జిర్కోనియాను స్థిరంగా ఉంచడానికి అందులో కలిపే ఇట్రియాను లాగేసుకుంటుంది. అప్పుడు పైపొరే విరుగుతుంది, ఎంత మంచి బాండ్ కోట్ అయినా కాపాడలేదు. సోడియం, సల్ఫర్ ఉన్నచోట క్రోమియం ఎక్కువున్న రకం తీసుకోండి.

మిగతావి వరసగా చెబుతాను, రాసుకోండి.

మాలిబ్డినం స్టీల్‌కు బాగా పట్టుకుంటుందని వేడి పనుల్లో బాండ్ కోట్‌గా వాడొద్దు. 300 డిగ్రీలు దాటాక అది ఆక్సైడ్ అవడం మొదలుపెడుతుంది, ఇంకా వేడెక్కితే ఆవిరే.

టంగ్‌స్టన్ కార్బైడ్ 500 డిగ్రీలు దాటిన చోట పైపొరగా కూడా వద్దు.

హెచ్‌వీఓఎఫ్‌తో కొట్టిన బాండ్ కోట్‌లో ఆక్సైడ్ తక్కువ, అది మంచిదే. కానీ సన్న పౌడరైతే నున్నగా వస్తుంది, నున్నటి దాని మీద ప్లాస్మాతో కొట్టిన సిరామిక్ నిలవదు. పైన ముతక పౌడర్‌తో ఒక పల్చటి పొర కొట్టండి. గరుకు ఆర్ఏ 6 మైక్రాన్లకు తగ్గనివ్వొద్దు.

బాండ్ కోట్ మీద ఎమెరీ పెట్టొద్దు. చేత్తో ముట్టుకోవద్దు.

బాండ్ కోట్ మందం 100 నుంచి 150 మైక్రాన్లు. ఎక్కువేస్తే బలం వస్తుందనుకోవద్దు.

వానాకాలంలో బ్లాస్ట్ చేసిన ముక్కను తెల్లారిదాకా ఉంచొద్దు. భోజనానికి వెళ్లేముందు బ్లాస్ట్ చేయొద్దు, వచ్చాక చేయండి. లోహం డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీరుగా మారే వేడి) కంటే కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలి. కంప్రెసర్ గాలిని తెల్లటి గుడ్డ మీద కొట్టి చూడండి, మరక పడితే పని ఆపండి.

తెరిచిన డబ్బాలోని పౌడర్ ఓవెన్‌లో ఆరబెట్టాకే హాపర్‌లో పోయాలి. లేబుల్ చిరిగిపోయిన డబ్బా వాడొద్దు. రెండు డబ్బాల అడుగు మిగుళ్లు కలపొద్దు.

నికెల్, క్రోమియం పొగ ఊపిరితిత్తులకు విషం. గుడ్డ కట్టుకుంటే ఆగదు, సరైన రెస్పిరేటర్ కావాలి. డస్ట్ కలెక్టర్ పక్కన వెల్డింగ్ చేయొద్దు, అందులోని సన్నటి లోహపు ధూళి అంటుకుని పేలగలదు.

జాబ్ కార్డు మీద "బాండ్ కోట్ దగ్గర వేడి" అని ఒక గడి పెట్టండి. ఆ గడి ఖాళీగా ఉంటే పౌడర్ ఇష్యూ చేయొద్దు. స్టోర్స్‌లో ఏముందో చూసి ఆ గడి నింపొద్దు.

పూత ఊడితే పెచ్చు కింది వైపు, అది ఊడిన చోటు, రెండూ చూడండి. నల్లగానో ఆకుపచ్చగానో ఆక్సైడ్ కనిపిస్తే బాండ్ కోట్ కాలిపోయినట్టు. పెచ్చుతో పాటు బాండ్ కోట్ కూడా లేచి వచ్చి, కింద బ్లాస్ట్ చేసిన లోహం శుభ్రంగా కనిపిస్తే తప్పు బ్లాస్టింగ్‌లో ఉంది. పల్చటి సిరామిక్ ఇంకా అంటుకుని ఉంటే పైపొరే మధ్యలో విరిగింది. ఆ పెచ్చును కవర్లో వేసి, జాబ్ నంబర్ రాసి, పూత కొట్టినవాళ్లకు పంపండి. ఊడ్చి పారేయొద్దు.