పైన పటారం, లోన లొటారం: పాత ఎంజీబీ విప్పితే బయటపడేవి

మా ఆయన 2200 పౌండ్లు పెట్టి 1972 నాటి ఎంజీబీ జీటీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారును ట్రెయిలర్ మీద ఇంటికి తెచ్చిన రోజున అద్దం మీద ట్యాక్స్ కాగితం ఇంకా అంటుకునే ఉంది. దాని మీద 1998 అని ఉంది. కారుది ఆవపిండి రంగు. కంపెనీ దానికి హార్వెస్ట్ గోల్డ్ అని గొప్ప పేరే పెట్టింది. ఆరు నెలలకల్లా ఆయన సరదా తీరిపోయింది, కారు మాత్రం ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో మా ఇంటి గ్యారేజీలో ఉండిపోయింది. చిన్నప్పటి నుంచి స్క్రూడ్రైవర్ కనబడితే ఏదో ఒకటి విప్పే బుద్ధి నాది. అలా అది నా కారైంది.

మూడున్నరేళ్ళు పట్టింది. నన్ను ఏడిపించిన వాటిలో చాలావరకు ఇరవయ్యేళ్ళు మూలన పడి ఉండటం వల్ల వచ్చినవి కావు, అంతకుముందు ఎవరో "బాగుచేయడం" వల్ల వచ్చినవి. ఊరికే తుప్పు పట్టిన కారు తన జబ్బేమిటో తానే చెప్పేస్తుంది. పుట్టీ పూసి, రంగేసి, కింద తారు కొట్టిన కారు చెప్పదు. కాబట్టి కొనేటప్పుడు నిగనిగలాడే దానికన్నా నిజాయితీగా పాడైన దాన్నే చూడండి.

చూడటానికి వెళ్ళేటప్పుడు పలచటి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం, టార్చిలైటు, పాత దుప్పటి తీసుకెళ్ళండి. దుప్పటి ఎందుకంటే కింద పడుకోవాలి. పడుకోకుండా ఎంజీబీ కొనకూడదు. దీనికి విడిగా ఛాసీ లేదు, బాడీయే ఛాసీ. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పెట్టెలాగా పోయే దూలం ఉంటుంది, దాన్ని సిల్ అంటారు. కారు బరువంతా మోసేది అదే. పైకి కనిపించేది బయటి రేకు ఒక్కటే. దాని వెనక మధ్యరేకు, ఆ వెనక లోపలి రేకు, అడుగున కోటగోడ పళ్ళలాగా ఎత్తుపల్లాలు ఉండే కమ్మీ ఒకటి. ఆ కమ్మీకి ఇక్కడివాళ్ళు పెట్టుకున్న పేరు కూడా క్యాజిల్ రెయిలే. నీళ్ళు దిగి నిలిచేది అక్కడే.

అయస్కాంతాన్ని సిల్ పొడవునా పాకించండి. పట్టు సడలిన చోట పుట్టీ ఉంది. వేలి కణుపుతో తట్టండి, రేకైతే ఖంగుమంటుంది, పుట్టీ అయితే అట్టపెట్టెలాగా బొత్తుమంటుంది. తర్వాత అమ్మేవాళ్ళను అడిగి, సిల్ మధ్యలో ఉండే జాకీ పాయింటు దగ్గర జాకీ పెట్టి ఒకవైపు ఎత్తండి. తలుపు తీసి వేసి చూడండి. తలుపు వెనక అంచు దగ్గర సందు మారినా, తలుపు బిగుసుకున్నా లోపల దూలం లేదని అర్థం. "అబ్బే, జాకీ వద్దండీ" అని అమ్మేవాళ్ళు కంగారుపడితే ఎత్తకుండానే జవాబు దొరికినట్టు. మా ఆయన అడగలేదు. కారు లోపల ఉన్న గడియారం ముచ్చటగా ఉందట.

ఇంకో గుర్తు చెబుతాను, ఇది తెలిసినవాళ్ళు తక్కువ. అసలు సిల్ తలుపు దగ్గరే ఆగదు. ముందు మడ్‌గార్డు కిందకీ, వెనక బాడీ రేకు కిందకీ దూరి ఉంటుంది. సరిగ్గా మార్చాలంటే ఆ రెండు రేకుల అడుగు భాగాలు కోసి తీయాలి, లేదా ముందు మడ్‌గార్డు విప్పాలి. బద్ధకించినవాళ్ళు తలుపు కింద కనిపించినంత మేరకు కొత్త రేకు తొడిగి వదిలేస్తారు, కింద పాతది కుళ్ళుతూనే ఉంటుంది. మా కారులో జరిగింది ఇదే. గ్రైండర్‌తో మొదటి కోత కోయగానే నిప్పురవ్వలు రావాల్సింది పోయి గులాబీరంగు పొడి లేచింది. పుట్టీ అంగుళం మందాన ఉంది. దాన్ని ఉలితో పెకిలిస్తే వెనక నుంచి ఉండలు చుట్టిన న్యూస్‌పేపరు ఊడొచ్చింది. విప్పి చూశాను, 1987 మార్చి నాటిది, ఫుట్‌బాల్ స్కోర్లు ఇంకా చదవడానికి వస్తున్నాయి. కారును నిలబెడుతున్నది కాగితమన్నమాట! ఆ పేజీని ఇప్పటికీ దాచుకున్నాను.

మార్చే పద్ధతి ఇదీ. ముందు ఇంటీరియర్ అంతా తీసేయండి, సీట్లు, కార్పెట్లు, కింద ఉండే తారుపట్టీలతో సహా. పెట్రోలు ట్యాంకు దింపి గ్యారేజీ బయట పెట్టండి, బ్యాటరీ తీసేయండి. కారును గాల్లోకి లేపి వేలాడదీయకండి. బరువు ముందు సస్పెన్షన్ మీద, వెనక ఇరుసు మీద, అంటే మామూలుగా చక్రాల మీద ఉన్నట్టే ఉండాలి. అప్పుడే బాడీ తన ఆకారంలో ఉంటుంది. తలుపులు మాత్రం ఊడదీయకండి, అవే మీ కొలబద్ద. ఒకవైపు పూర్తిగా ముగించాకే రెండోవైపు ముట్టుకోండి. జీటీకి పైకప్పు ఉంది గనక కొంత నయం. టాప్ లేని రోడ్‌స్టర్ అయితే తలుపు తెరిచి ఆ ఖాళీలో అడ్డంగా ఇనుప కడ్డీ వెల్డ్ చేయకుండా కోత మొదలుపెడితే కారు మధ్యలో వంగుతుంది, ఆ తర్వాత తలుపు జన్మలో పడదు.

కోసేది కొంచెం కొంచెంగా. మంచి రేకు, అంటే మెరిసే లోహం తగిలేదాకా వెనక్కి వెళ్ళండి. అడుగు కమ్మీ, నేల అంచు, లోపలి రేకు, మధ్యరేకు, చివరికి బయటి రేకు. ఈ వరుసలో కొత్తవి క్లాంపులతో బిగించి, తలుపు వేసి, సందు చూసి, రెండు మూడు చుక్కలు వెల్డ్ చేసి, మళ్ళీ తలుపు వేసి చూడాలి. విసుగు పుడుతుంది, అయినా అలాగే చేయాలి. ఫ్యాక్టరీలో స్పాట్ వెల్డింగ్ చేశారు. మన దగ్గర ఆ యంత్రం ఉండదు కనుక పై రేకుకు 6 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, వాటిని మిగ్ వెల్డింగ్‌తో పూడిస్తే అదే పని అవుతుంది. రెండు రేకులు కలిసే చోట వెల్డింగ్‌కి ముందే జింక్ ప్రైమర్ కొట్టండి. మూసేశాక లోపలికి బ్రష్ వెళ్ళదు.

పక్కన ఒక మనిషి, నీళ్ళ స్ప్రే బాటిల్ లేకుండా వెల్డింగ్ చేయకండి. నేను కారు కింద పడుకుని చుక్కలు పెడుతుంటే పైన కార్పెట్ కింద మర్చిపోయిన చారెడు తారుపట్టీ అంటుకుంది. నాకు పొగ వాసన రాలేదు, మాస్కులో ఉన్నాను. పక్కింటి పెద్దాయన గోడ మీదుగా కేకేయబట్టి బతికిపోయాను.

సిల్స్‌తో పాటు చూడాల్సినవి ఇంకో మూడు. ముందు చక్రం పైన మడ్‌గార్డు వెనక భాగంలో బురద చేరే పెట్టెలాంటి ఖాళీ ఉంటుంది. మడ్‌గార్డు పైభాగంలో, అద్దం మొదట్లో బుడగలు కనిపిస్తే అక్కడ మట్టి ఏళ్ళుగా తడిగా కూర్చున్నట్టు. రెండోది వెనక స్ప్రింగు పట్టాల ముందుకొన బిగించే చోటు. మూడోది వెనక సీటు కింద బ్యాటరీ గూళ్ళు. 1974 దాకా వచ్చిన కార్లలో 6 వోల్టుల బ్యాటరీలు రెండు పెట్టేవారు. యాసిడ్ కారి ఆ గూళ్ళ అడుగు పోతుంది. ఇవన్నీ పోయి ఉంటే లెక్క వేరు. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ 1988 నుంచి పాత అచ్చులతోనే కొత్త ఎంజీబీ బాడీలు తయారుచేస్తోంది, దాని ధర అడిగి చూసి నిర్ణయించుకోండి. 1962 నుంచి 1980 దాకా ఆబింగ్‌డన్ ఫ్యాక్టరీలో 5 లక్షల పైచిలుకు కార్లు తయారయ్యాయి కాబట్టి విడిభాగాలకు కరువు లేదు. మిగతా పాత కార్ల వాళ్ళు మనల్ని చూసి కుళ్ళుకునేది ఈ ఒక్క విషయంలోనే.

పానాల గురించి ఒక్క మాట. ఈ కారు నట్లన్నీ అంగుళాల కొలత. మీ దగ్గరున్న 13 మిల్లీమీటర్ల పానా అరంగుళం నట్టుకు పట్టినట్టే పడుతుంది, రెండో తిప్పుకి తల అరగదీస్తుంది. ఏఎఫ్ అని రాసి ఉన్న సెట్టు కొనుక్కోండి. నేను నాలుగు బోల్టులు పాడుచేసుకున్నాక కొన్నాను.

ఇంజను గురించి అందరూ టెన్షన్ పడతారు గానీ, 1798 సీసీ బి-సిరీస్ ఇంజను మొండిఘటం. సెల్ఫ్ కొట్టి తొందరపడకండి. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్‌లో కాస్త పల్చటి నూనె పోసి నాలుగైదు రోజులు వదిలేయండి. తర్వాత ముందున్న పుల్లీ నట్టుకు పెద్ద పానా పెట్టి చేత్తో తిప్పండి, కదిలితే సగం గెలిచినట్టే. పాత ఆయిల్ తీసి 20డబ్ల్యూ-50 పోసి, ప్లగ్గులు లేకుండానే, ఇగ్నిషన్ కాయిల్ తీగ పీకి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా సెల్ఫ్ కొట్టండి. ఆ ముల్లు లేచాకే పెట్రోలు మాట. మాది రెండో రోజే పలికింది, ఆ సంతోషంలో ట్యాంకు సంగతి మర్చిపోయాను.

ఎంజీబీ ట్యాంకు పైనుంచి కుళ్ళుతుంది. డిక్కీ అడుగుకు ఆనుకుని వేలాడుతుంది కదా, ఆ రెండింటి మధ్య తడిమట్టి చేరుతుంది. కింద పడుకుని చూస్తే నున్నగా ఉంటుంది. సగం పెట్రోలుతో నెల రోజులు బాగానే నడిచింది. ఒక శనివారం ఫుల్ ట్యాంకు కొట్టించి ఇంటికొచ్చేసరికి కారు నిండా వాసన. దింపి చూస్తే పైభాగంలో జల్లెడలాగా సూది బెజ్జాలు. అతుకులు వేయకండి, కొత్తది పెట్టండి. పైపులు కూడా మార్చండి. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలు ఇ10, అందులో ఉండే ఇథనాల్ పాత రబ్బరును తినేస్తుంది. ఆర్9 అని ముద్ర ఉన్న గొట్టాలే తీసుకోండి, పెట్రోలు సూపర్ రకం, అంటే ఇ5 కొట్టించండి. తాళం తిప్పగానే వెనక ఉన్న పెట్రోలు పంపు టిక్‌టిక్‌మని కాసేపటికి ఆగాలి. ఆగకుండా కొట్టుకుంటుంటే ఎక్కడో కారుతోంది, లేదా గాలి పీలుస్తోంది. చప్పుడే లేకపోతే లోపలి పాయింట్లు అంటుకున్నాయి. స్క్రూడ్రైవర్ పిడితో ఒక దెబ్బ వేస్తే తాత్కాలికంగా పనిచేస్తుంది.

అసలు దొంగ మాత్రం బ్రేకుల్లో దాక్కుని ఉంది. రోడ్డెక్కిన మొదటి వారం ఎడమ ముందు చక్రం చెయ్యి పెడితే కాలేంత వేడి. క్యాలిపర్, అంటే బ్రేకు డిస్కును నొక్కి పట్టే భాగం, పట్టేసిందనుకుని విప్పి కొత్త సీళ్ళు, పిస్టన్లు వేశాను. మళ్ళీ అదే వేడి. ఊళ్ళో ఒక గ్యారేజీకి తీసుకెళ్తే క్యాలిపర్ మొత్తం మార్చమన్నారు, మార్చాను. వేడి తగ్గలేదు. చివరికి చక్రం పైకెత్తి, బ్రేకు నొక్కి వదిలి చేత్తో తిప్పబోతే కదల్లేదు. గాలి తీసే చిన్న నిపుల్ ఒక్క మర వదులు చేయగానే చుక్క ద్రవం చిమ్మి చక్రం గిర్రున తిరిగింది. అంటే క్యాలిపర్‌లో తప్పు లేదు, ఒత్తిడి వెనక్కి పోవడం లేదు. పాత రబ్బరు గొట్టం లోపల వాచి ముడుచుకుపోయింది. మన కాలి బలానికి ద్రవం ముందుకు వెళ్తుంది, వెనక్కి మాత్రం రాదు. బయటికి ఒక్క పగులు లేదు. కోసి చూస్తే మధ్యలో సూది దూరేంత సందు కూడా లేదు. ముందు రెండు, వెనక ఒకటి, మూడు గొట్టాలూ మొదటి రోజే మార్చేయండి. నా క్యాలిపర్ డబ్బులు ఎలాగూ పోయాయి, మీవైనా మిగులుతాయి.

ముందు చక్రాలు పక్కలకు తిరగడానికి ఆధారమైన కడ్డీలను కింగ్‌పిన్లు అంటారు, వాటికి ఒక్కోవైపు మూడు గ్రీజు నిపుల్స్ ఉంటాయి. ఏళ్ళ తరబడి గ్రీజు కొట్టకపోతే అరిగి ఊగుతాయి. చక్రం ఎత్తి పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగితే లోపల ఒకరిని బ్రేకు నొక్కమని మళ్ళీ ఊపండి. అప్పుడు ఊగడం ఆగితే బేరింగు, ఆగకపోతే కింగ్‌పిన్.

వైరింగ్‌లో నూటికి తొంభై తంటాలు ఎర్త్ దగ్గరే. ఎడమ ఇండికేటర్ వేస్తే వెనక లైటు మినుకుమంటే స్విచ్చి కొనకండి, దీపం ఎర్త్ తీగ బాడీకి కలిసే చోట తుప్పు గీకండి. రంగులు గుర్తుపెట్టుకోండి: గోధుమరంగు తీగలో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, దానికి ఫ్యూజు లేదు. తెలుపు తాళం తిప్పితే, ఆకుపచ్చ తాళం తిప్పాక ఫ్యూజు మీదుగా, నలుపు ఎర్త్. కంపెనీ తీగల్లో ఎరుపు, నీలం, ఊదా లాంటి రంగులూ ఉంటాయి. వైరింగ్ బొమ్మలో లేని తీగ ఏదైనా డ్యాష్‌బోర్డు కింద టేపు చుట్టుకుని కనబడితే అది ఎవరో పాత యజమాని పెట్టించుకున్న రేడియో తాలూకుది కావచ్చు. గోధుమరంగు తీగ నుంచి లాగి ఉంటే ముందు ఆ అదనపు తీగను కత్తిరించండి. బ్యాటరీ దగ్గర ఒక కటాఫ్ స్విచ్చి పెట్టి రాత్రుళ్ళు నిశ్చింతగా పడుకోండి.

కాగితాల పని తేలికే. 40 ఏళ్ళు దాటిన, పెద్ద మార్పులు చేయని కారుకు 2018 మే నుంచి ఎంఓటీ, అంటే ఏటా చేయించే వాహన పరీక్ష, తప్పనిసరి కాదు. రోడ్డు ట్యాక్సు సున్నా, కానీ ఏటా ఆ సున్నాకే దరఖాస్తు పెట్టాలి. విప్పి గ్యారేజీలో పెట్టినన్నాళ్ళు సోర్న్ చేయండి, అంటే కారు రోడ్డెక్కడం లేదని ప్రభుత్వానికి తెలపండి. నేనైతే 54 పౌండ్ల 85 పెన్స్ కట్టి ఎంఓటీ చేయించాను. మన వెల్డింగును మనమే పరీక్షించుకుంటే మార్కులు మనమే వేసుకున్నట్టు కదా! పరీక్షించే ఆయన కారు కింద నిలబడి అడుగు కమ్మీని ఈ చివర నుంచి ఆ చివర దాకా చిన్న పనిముట్టుతో తడుతుంటే పరీక్ష ఫలితాలప్పుడు కూడా అంత గుండెదడ రాలేదు నాకు.

ఇప్పుడు ఏటా అక్టోబరులో, మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే రోజులు రాకముందే, తుప్పు పట్టకుండా సిల్స్‌లోకి సన్నటి గొట్టంతో మైనం కొడతాను. మైనం డబ్బాను ముందు వేడినీళ్ళలో పెట్టి పల్చన చేయండి. కొట్టాక కారు కింద అట్టముక్కలు పరిచి ఉంచండి. పొద్దున చూస్తే అడుగునున్న ప్రతి రంధ్రం కింద ఒక గోధుమరంగు మరక ఉండాలి. ఎక్కడ మరక లేదో అక్కడ రంధ్రం మూసుకుంది, తీగముక్కతో పొడవండి.