జావాస్క్రిప్ట్ పాఠం 8: ఇంపోర్ట్ చేశాక విలువ ఎందుకు మారదు?

పోయిన పాఠంలో మాడ్యూళ్లు, అంటే ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్‌లతో ఒకదాని కోడ్ ఇంకొకటి వాడుకునే ఫైళ్లు, రాసిన చాలామందికి పేజీ తెల్లగా ఉండిపోయింది, కన్సోల్‌లో కార్స్ ఎర్రర్ (భద్రత కోసం బ్రౌజర్ ఫైల్‌ని లోడ్ చేయనివ్వకపోవడం) కనిపించింది. దీని కారణం నేను ముందే చెప్పాల్సింది. హెచ్‌టీఎంఎల్ ఫైల్‌ని డబుల్ క్లిక్ చేసి తెరిస్తే మామూలు స్క్రిప్ట్ నడుస్తుంది గానీ మాడ్యూల్ లోడ్ కాదు. దానికి లోకల్ సర్వర్, అంటే మీ కంప్యూటర్‌లోనే నడిచే చిన్న వెబ్ సర్వర్, కావాలి. వీఎస్ కోడ్‌లో లైవ్ సర్వర్ ఎక్స్‌టెన్షన్ వేసుకోండి, నేనూ అదే వాడతాను.

ఇంపోర్ట్‌ని మాడ్యూల్ బయట వాడకూడదన్న ఎర్రర్ వచ్చినవాళ్లు స్క్రిప్ట్ ట్యాగ్‌లో టైప్ మాడ్యూల్ అని పెట్టలేదు. పక్క ఫైల్ పేరుకి ముందు చుక్క, స్లాష్ ఉండాలి. చివర డాట్ జేఎస్ కూడా రాయండి, బ్రౌజర్ దాన్ని తనంతట తాను కలపదు.

డిఫాల్ట్ ఎక్స్‌పోర్ట్ నేను వాడను. తెచ్చుకునేవాళ్లు తలా ఒక పేరు పెట్టుకుంటారు, తర్వాత వెతకలేక చస్తాం. పేరుతో ఎక్స్‌పోర్ట్ చేసి, ఫ్లవర్ బ్రాకెట్లలో అదే పేరుతో తెచ్చుకోండి.

ఇక అసలు చిక్కు. స్కోర్ ఫైల్‌లో లెట్‌తో స్కోరు సున్నా అని పెట్టి ఎక్స్‌పోర్ట్ చేశారు. మెయిన్ ఫైల్‌లో ఇంపోర్ట్ చేసి ప్లస్ ప్లస్ అన్నారు. టైప్‌ఎర్రర్! ‘నేను కాన్‌స్ట్ రాయలేదు కదా’ అని చాలామంది అడిగారు. లెట్ అని రాసినా, ఇంపోర్ట్ చేసుకున్నవాళ్లకి దాన్ని చదివే హక్కే ఉంటుంది. కొత్త విలువ పెట్టే హక్కు స్కోర్ ఫైల్‌దే. అందుకని స్కోర్ ఫైల్‌లోనే ‘పెంచు’ అనే ఫంక్షన్ రాసి, దాన్నీ ఎక్స్‌పోర్ట్ చేయండి. మెయిన్‌లో పెంచు పిలిచి స్కోరు ప్రింట్ చేస్తే 1 వస్తుంది. అంటే మీ దగ్గరున్నది కాపీ కాదు, అసలు వేరియబులే. మూడో ఫైల్ ఇంపోర్ట్ చేసుకున్నా అదే 1 కనిపిస్తుంది, ఎందుకంటే స్కోర్ ఫైల్‌ని ఎంతమంది అడిగినా అది నడిచేది ఒక్కసారే. స్కోరు బదులు ఒక ఆబ్జెక్ట్‌ని ఎక్స్‌పోర్ట్ చేస్తే దాని లోపలి విలువల్ని ఎవరైనా మార్చగలరు, ఎర్రర్ రాదు. దయచేసి అలా చేయకండి. ఏ ఫైల్ మార్చిందో పట్టుకోవడానికి ఒక రోజు పోతుంది.

అభ్యాసం: టైమర్, స్క్రీన్, మెయిన్ అని మూడు ఫైళ్లు రాయండి. సెకన్లు టైమర్‌లో లెట్‌తో ఉండాలి, అక్కడే మారాలి. మెయిన్ ముందుగా టైమర్‌ని ఇంపోర్ట్ చేయాలి. టైమర్ స్క్రీన్‌ని, స్క్రీన్ టైమర్‌ని ఇంపోర్ట్ చేసుకోవాలి. స్క్రీన్ ఫైల్‌లో ఏ ఫంక్షన్‌లోనూ పెట్టకుండా నేరుగా సెకన్లు ప్రింట్ చేయండి. రిఫరెన్స్‌ఎర్రర్ వస్తుంది. ఏ ఫైల్ ముందు నడిచిందో కనిపెట్టి, కారణం మీ మాటల్లో రాసి పెట్టుకోండి. పాఠం 9 అక్కడే మొదలవుతుంది.