తరగతి గదిలో ట్యాబ్‌తో విద్యుత్ పాఠం ఎలా చెప్పాలి?

పదో తరగతి విద్యుత్ పాఠానికి కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ సిమ్యులేషన్లలో (తెర మీదే ప్రయోగం చేసి చూసే ప్రోగ్రాములలో) ‘సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్: డీసీ’ని మించినది లేదు. ఇది ఉచితం; ఫైలును ఒకసారి దించుకుంటే ఆపైన నెట్ లేకుండానే బ్రౌజర్‌లో నడుస్తుంది.

ముందురోజు సాయంత్రమే ప్రతి ట్యాబ్‌లోనూ ఫైలు తెరిచి చూసి, ఛార్జింగ్ నింపి, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఇద్దరికి ఒక ట్యాబ్ చాలు. అందరికీ సరిపడా ఉన్నా ఇద్దరికి ఒకటే ఇవ్వాలి, పక్కవాడితో వాదించనిదే ఈ పాఠం తలకెక్కదు. మొదటి ఐదు నిమిషాలు పిల్లలను ఆడుకోనివ్వండి. బ్యాటరీ రెండు కొనలనూ తీగతో నేరుగా కలిపి తెర మీద మంటలు చూసే ముచ్చట అప్పుడే తీరిపోతుంది. ఇంట్లో కరెంటుతో ఇలాంటి ప్రయోగం ఎన్నడూ చేయకూడదని ఆ మంటలు కనిపిస్తుండగానే చెప్పాలి.

అందరూ పాడుచేసేది దీని తర్వాతి మెట్టునే. ‘రెండు బల్బులు శ్రేణిలో (ఒకదాని వెంట ఒకటిగా) కలపండి, ఏమవుతుందో చూడండి’ అంటారు. పిల్లలు కలుపుతారు, చూస్తారు, మరిచిపోతారు. అలా చేయకండి. ట్యాబ్‌లను బోర్లా పెట్టించి, వలయాన్ని నల్లబల్ల మీద గీసి, ‘ఈ రెండింటిలో ఏది ఎక్కువ వెలుగుతుంది, ఎందుకు?’ అని అడిగి, ప్రతి ఒక్కరి చేతా జవాబును నోటుపుస్తకంలో పెన్నుతో రాయించండి. పెన్సిలు వద్దు, తర్వాత చెరిపేస్తారు. చాలామంది మొదటి బల్బే ఎక్కువ వెలుగుతుందని, అది కొంత కరెంటును వాడేసుకోగా మిగిలినదే రెండోదానికి చేరుతుందని రాస్తారు. ఆ క్షణంలో మీరు తల ఊపకూడదు, నవ్వకూడదు, ‘సరిగ్గా ఆలోచించండి’ అని కూడా అనకూడదు. మీ ముఖంలో జవాబు కనిపించిందంటే వాళ్లు ట్యాబ్‌ను కాదు, మిమ్మల్నే చూసి దిద్దుకుంటారు.

ఆ తర్వాతే ట్యాబ్‌లు తిప్పించండి. 9 వోల్టుల బ్యాటరీకి 10 ఓముల బల్బులు రెండు శ్రేణిలో కలిపితే రెండూ సమానంగా వెలుగుతాయి. కరెంటును కొలిచే అమ్మీటరును మొదటి బల్బుకు ముందు, రెండింటి మధ్య, చివర, మూడు చోట్లా పెట్టించండి. మూడు చోట్లా 0.45 ఆంపియర్లే కనిపించినప్పుడు, తాను రాసిన వాక్యం వైపు పిల్లవాడు తనంతట తానే తలదించి చూస్తాడు. వీడియో పాఠం ఎంత బాగున్నా ఇది జరగదు, ఎందుకంటే అందులో పిల్లవాడు ముందుగా దేనికీ కట్టుబడి ఉండడు.

సమాంతర సంధానానికీ (అవే రెండు బల్బులను విడివిడిగా అదే బ్యాటరీకి కలపడానికీ) ఇదే వరుస పాటించండి: ముందు రాత, తర్వాత తెర. ఒక్కో బల్బులో 0.9, బ్యాటరీ దగ్గర 1.8 ఆంపియర్లు వస్తాయి.

చివరి పది నిమిషాలు ట్యాబ్‌లు పక్కన పెట్టించి, టార్చి బల్బులతో నిజమైన వలయం కట్టించండి. అక్కడ రెండు బల్బులూ అచ్చంగా ఒకేలా వెలగకపోవచ్చు. ఏ రెండు బల్బుల నిరోధమూ సరిగ్గా సమానంగా ఉండదని, తెర మీది బల్బులకు మాత్రం సమానమైన విలువ ఇచ్చి ఉంచారని అప్పుడు వివరించండి.