డయాలిసిస్ చేయించుకుంటూ డై స్కాన్‌కు వెళ్తున్నారా? మిగిలిన మూత్రాన్ని కాపాడుకోండి

"డయాలిసిస్ ఎలాగూ నడుస్తోంది, ఇక కిడ్నీలకు కొత్తగా ఏమవుతుంది?" అనే మాట సీటీకి వెళ్లినా యాంజియోకు వెళ్లినా వినిపిస్తుంది. ఈ స్కాన్లలో లోపలి భాగాలు స్పష్టంగా కనిపించడానికి ఒంట్లోకి ఎక్కించే మందే డై, అది కిడ్నీలను దెబ్బతీయొచ్చు కాబట్టే ఈ మాట. రోజుకు 100 మిల్లీలీటర్లు కూడా మూత్రం రానివాళ్ల విషయంలో అది చాలావరకు నిజమే. అరలీటరో, ముప్పావు లీటరో వస్తున్నవాళ్ల విషయంలో మాత్రం పొరపాటు. ఆ మూత్రం ఉండబట్టే కాస్త ఎక్కువ నీళ్లు తాగగలుగుతున్నారు. పొటాషియం కొంత బయటికి పోతోంది, మిషన్ సరిగా తీయలేని పెద్ద అణువులూ పోతున్నాయి. పొట్ట ద్వారా చేసే డయాలిసిస్‌లో దాని విలువ మరీ ఎక్కువ.

స్కాన్ తేదీ పడగానే ముందు మూత్రం కొలవండి. ఉదయం లేవగానే వచ్చింది పారబోసి టైము రాసుకోండి. అక్కణ్నుంచి మర్నాడు అదే టైముకు వచ్చినదాకా మొత్తం గీతలున్న డబ్బాలో పట్టండి. మిషన్ మీద ఉన్నవాళ్లు డయాలిసిస్ లేని రోజున పట్టాలి. ఆ అంకెను కిడ్నీ డాక్టరుకూ, స్కాన్ గదిలోనూ మీరే చెప్పండి, అడిగేదాకా ఆగొద్దు.

డై లేకుండా పని జరుగుతుందేమో అడగండి. కిడ్నీలో రాయి చూడ్డానికి డై లేని సీటీ, ఫిస్టులా (డయాలిసిస్ సూదుల కోసం చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన దారి) చూడ్డానికి డాప్లర్ అనే అల్ట్రాసౌండ్ సాధారణంగా చాలు. తప్పదంటే అయోహెక్సాల్, అయోడిక్సనాల్ లాంటి తక్కువ గాఢత మందులు వీలైనంత తక్కువ మోతాదులో వాడతారు. సీటీకి మామూలుగా 50 నుంచి 100 మిల్లీలీటర్లు పడుతుంది. యాంజియో, స్టెంటు ఒకేసారైతే ఇంకా ఎక్కువ పట్టొచ్చు. అలాగని భయపడి గుండెపోటు వేళ యాంజియో వాయిదా వేయకండి. మూత్రం వస్తున్న డయాలిసిస్ రోగుల మీద చేసిన చిన్న అధ్యయనాల్లో జాగ్రత్తగా ఇచ్చిన డై వల్ల శాశ్వత నష్టం కనిపించలేదు.

మూత్రాన్ని ఎక్కువగా దెబ్బతీసేవి పక్కనుండే తోడు దొంగలు: డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ నొప్పి మాత్రలు, అమికాసిన్, జెంటామిసిన్ ఇంజెక్షన్లు, ముందు రోజు డయాలిసిస్‌లో నీరు అతిగా లాగి బీపీ పడిపోవడం. నొప్పి మాత్రలు మీ అంతట మీరు వేసుకోకండి. ఆ ఇంజెక్షన్లు రాస్తే మూత్రం వస్తోందని చెప్పండి.

మన గోదావరి డెల్టాలో ప్రత్యేకంగా చెప్పాల్సింది కొబ్బరినీళ్ల గురించి. డై "కడిగేయడానికి" కోనసీమ బొండాలు రెండు తాగమనే సలహా ఎక్కడైనా వస్తుంది. వాటిలో పొటాషియం దండిగా ఉంటుంది, డయాలిసిస్ రోగికి గుండె లయ తప్పే ప్రమాదం. నీళ్లు కూడా మీ పరిమితి దాటొద్దు, సెలైన్ ఎక్కిస్తామంటే కిడ్నీ డాక్టరును అడగమనండి. రొయ్యలు, చేపలు పడనివాళ్లకు డై కూడా పడదనేది అపోహ. గతంలో డైకే దద్దుర్లో, ఆయాసమో వచ్చి ఉంటే మాత్రం తప్పక చెప్పాలి.

సూది ఫిస్టులా చేతికి వద్దు, రెండో చేతి అరచేతి వెనుక నరానికి పెట్టమనండి. ముంజేతి నరాలు తర్వాత ఫిస్టులాకు కావాలి.

సీటీ డై అవగానే అత్యవసర డయాలిసిస్ అక్కర్లేదు. కిడ్నీకి నష్టమంటూ జరిగితే అది నిమిషాల్లోనే మొదలవుతుంది, తర్వాత డయాలిసిస్‌తో డైని తీసేసినా అది ఆగదు. గుండె బలహీనమై నీరు చేరితే వేరే మాట. ఎంఆర్ఐలో వాడే గాడోలినియం డై సంగతి వేరు. పాత రకాలైన గాడోడయమైడ్ లాంటివి చర్మం గట్టిపడే ఎన్ఎస్ఎఫ్ జబ్బు తెస్తాయని 2006లో తేలింది. గాడోటెరేట్, గాడోబ్యుట్రోల్ లాంటి రకాలే కావాలని అడగండి, మిషన్ డయాలిసిస్‌కు కాస్త ముందే ఎంఆర్ఐ పెట్టించుకోండి. లంక గ్రామాలవాళ్లు వరద నెలల్లో ఈ రెండూ ఒకే ఊళ్లో, ఒకే ప్రయాణంలో కుదిరేలా చూసుకోవాలి.

స్కాన్ అయ్యాక మూడో రోజు, మళ్లీ వారానికి, మొదటిసారి కొలిచినట్టే మూత్రం కొలవండి. మిషన్ క్రియాటినిన్‌ను తగ్గించేస్తుంది కాబట్టి ఆ పరీక్ష మీకు ఏమీ చెప్పదు. మూత్రం సగానికి పడిపోయినా, రోజురోజుకూ బరువు పెరుగుతున్నా, పడుకుంటే ఆయాసం వచ్చినా తర్వాతి డయాలిసిస్ దాకా ఆగకుండా ఫోన్ చేయండి.