చంటిపిల్లలతో వాటర్‌పార్కుకా? బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

వేసవి సెలవుల్లో రావిర్యాల వండర్‌లాకో, రామోజీ ఫిల్మ్ సిటీకో కదిలే కుటుంబాల్లో చాలామంది చంకలో ఒక చంటిబిడ్డ ఉంటుంది. సరదా పెద్దపిల్లలది. చిన్నదాన్ని ఇంట్లో వదల్లేక వెంట తీసుకెళ్తారు. అమ్మానాన్నల భయమంతా రైడ్ల మీదే ఉంటుంది కానీ, ఏడాదిన్నర బిడ్డను పెద్ద రైడ్లు ఎలాగూ ఎక్కనివ్వరు. ఆ వయసు పిల్లలకు ప్రమాదం ఎదురయ్యేది ఎండలో, జానెడు నీళ్ళలో, జారుడుబల్ల మీద, పాప్‌కార్న్ పొట్లంలో. వీటికి తోడు ‘ఇంత పెట్టి టికెట్లు కొన్నాం, సాయంత్రం దాకా ఉండాల్సిందే’ అనే పట్టుదల ఒకటి. బిడ్డ నిద్రకూ పాలకూ గండి పడేది దానివల్లే. మధ్యాహ్నానికే తిరిగి రావడానికి మనసులో సిద్ధపడి బయల్దేరండి.

ఎవరు వెళ్ళకూడదు

ఆర్నెల్లు నిండని బిడ్డను ఏప్రిల్, మే నెలల్లో తీసుకెళ్ళకపోవడమే మంచిది. అంత చిన్న ఒంటికి చెమటతో వేడిని వదిలించుకునే శక్తి తక్కువ. నీళ్ళలో దింపితే అంతే త్వరగా చల్లబడిపోతుంది. ఆ వయసుకు సన్‌స్క్రీన్ కూడా సాధారణంగా వద్దంటారు, నీడ తప్ప దారి లేదు. డిసెంబరులోనో జనవరిలోనో వెళ్తే ఈ బాధల్లో సగం ఉండవు.

జ్వరం, విరేచనాలు ఉంటే ప్రయాణం మానుకోండి. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వచ్చిందంటే నేరుగా డాక్టరు దగ్గరికే. విరేచనాలు తగ్గినా రెండు వారాల దాకా కొలనులో దింపకండి. క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మజీవి క్లోరిన్ నీళ్ళలో కూడా రోజుల తరబడి బతుకుతుంది. ఒక్క బిడ్డ డైపర్ నుంచి కొలనంతా అంటుకుంటుంది.

పార్కుల్లో చాలావరకు లెక్క వయసుతో కాదు, ఎత్తుతో. వండర్‌లాలో 85 సెం.మీ. లోపు పిల్లలకు టికెట్ లేదు. నిబంధనలు మారుతుంటాయి, వెళ్ళే ముందు వాళ్ళ వెబ్‌సైట్ చూడండి. బిడ్డను చెప్పుల్లేకుండా గోడకు నిలబెట్టి ఇంట్లోనే కొలవండి. రెండు సెంటీమీటర్లు తక్కువైందని మందపాటి అడుగున్న బూట్లు తొడిగి రైడ్ ఎక్కించే నాన్నలు ఉన్నారు. రైడ్‌లో ఒడి మీద పడే ఇనుప కడ్డీ ఫలానా సైజు ఒంటిని పట్టి ఉంచేలా చేసింది. అంతకంటే చిన్న ఒళ్ళు దాని కిందినుంచి జారిపోతుంది.

సంచిలో ఏం ఉండాలి

ఆరు గంటల కోసం మామూలు డైపర్లు ఐదు, స్విమ్ డైపర్లు రెండు, మూడు జతల బట్టలు, తడివి వేయడానికి రెండు జిప్ కవర్లు, పల్చని నూలు దుప్పటి ఒకటి. అర లీటరు ఫ్లాస్కులో మరిగించిన నీళ్ళు, విడిగా ఒక లీటరు కాచి చల్లార్చినవి. బయటి తిండిని రానివ్వని పార్కులు కూడా చంటిపిల్లల ఆహారాన్ని సాధారణంగా అడ్డుకోవు. గేటు దగ్గర వాదన లేకుండా దాన్ని విడి సంచిలో పెట్టుకోండి.

పాలు తాగే బిడ్డకు ఆర్నెల్ల దాకా తల్లిపాలే, ఎంత ఎండైనా సరే. ‘గొంతు ఎండిపోతోంది, రెండు చెంచాలు నీళ్ళు పట్టవే’ అని అమ్మమ్మ అన్నా పట్టకండి. తల్లిపాలలో ఎక్కువ భాగం నీళ్ళే. మామూలుగా రెండు గంటలకోసారి ఇస్తుంటే గంటకోసారి ఇవ్వండి, తల్లి మాత్రం వెంట ఎప్పుడూ నీళ్ళ సీసా ఉంచుకోవాలి. పాలిచ్చే గది ఎక్కడుందో టికెట్ కౌంటర్ దగ్గరే అడిగేయండి, బిడ్డ గుక్కపట్టాక వెతుక్కోవద్దు. డబ్బాపాలైతే ఇంట్లో కలిపి తీసుకెళ్ళకూడదు. ఒక్కో సీసాకు సరిపడా పొడిని చిన్న డబ్బాల్లో విడివిడిగా కొలిచి పెట్టుకోండి. మన దగ్గర దొరికే చాలా బ్రాండ్లకు 30 మి.లీ. నీళ్ళకు గీత వరకు ఒక స్కూపు, అయినా మీ డబ్బా మీద ఏముందో అదే పాటించండి. ఫ్లాస్కు నీళ్ళతో కలిపాక సీసాను చల్లనీళ్ళలో తిప్పి, మణికట్టు మీద చుక్క వేసి చూసి పట్టండి. బిడ్డ తాగి వదిలేసిన పాలు గంట దాటితే పారబోయాల్సిందే.

ఘనాహారం మొదలైన పిల్లలకు ఇడ్లీ, అరటిపండు, వేడినీళ్ళలో అప్పటికప్పుడు కలుపుకునే ఉగ్గు పొడి మంచివి. పెరుగన్నం డబ్బా సంచిలో ఉడికి పన్నెండింటికల్లా పులిసిపోతుంది.

ఓఆర్ఎస్ విషయంలో ఒక మాట. 200 మి.లీ. నీళ్ళకు సరిపోయే చిన్న పొట్లాలు నాలుగు మందుల షాపులో కొనుక్కోండి. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని పొట్లం మీద రాసి ఉండాలి. అందులో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే. పార్కు స్టాళ్ళలోని టెట్రా ప్యాక్ పానీయాల్లో చక్కెర దీనికి ఎన్నో రెట్లు. ఆ చక్కెర ఒంట్లోని నీటిని పేగుల్లోకి లాగి విరేచనాలను పెంచుతుంది. ఫార్ములా పాటించని పానీయాల పేర్లలో ‘ఓఆర్ఎస్’ అనే మాట ఉండకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. దాని వెనుక హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి చేసిన పోరాటం ఉంది. పొట్లంలో సగం పొడిని సగం గ్లాసు నీళ్ళలో కలపడం కూడా తప్పే, ఉప్పు పాళ్ళు తారుమారవుతాయి.

పారాసిటమాల్ తీసుకెళ్తుంటే డ్రాప్సా, సిరప్పా చూసుకోండి. మన దగ్గర డ్రాప్స్‌లో సాధారణంగా 1 మి.లీ.కి 100 మి.గ్రా., సిరప్‌లో 5 మి.లీ.కి 120 లేదా 250 మి.గ్రా. మందు ఉంటుంది. సిరప్ కొలతతో డ్రాప్స్ పోశారంటే ఒంటికి రెండు నుంచి నాలుగు రెట్లు పడుతుంది. బిడ్డ బరువుకు ఎంతో డాక్టరును అడిగి సీసా మీదే రాసుకోండి.

ఎండ

పార్కు తెరిచే వేళకే గేటు దగ్గర ఉండి, పదకొండున్నర నుంచి మూడున్నర దాకా నీడలోకో ఏసీ హాల్లోకో చేరాలి. ఫిల్మ్ సిటీలో గేటు నుంచి లోపలికి వాళ్ళ బస్సులోనే వెళ్ళాలి, లోపల కూడా ఎక్కడం దిగడం ఎక్కువ. బరువైన స్ట్రోలర్ కంటే ఒంటిచేత్తో మడిచేది, దానికి తోడు ఛాతీకి కట్టుకునే క్యారియర్ నయం. క్యారియర్‌లో మీ ఒంటి వేడి కూడా బిడ్డకే చేరుతుంది కాబట్టి అరగంటకోసారి బయటికి తీయండి.

స్ట్రోలర్ మీద ఎండ పడకుండా దుప్పటి కప్పేస్తారు చాలామంది. లోపల గాలి ఆడక అది పొయ్యిమీది గిన్నెకు మూత పెట్టినట్టవుతుంది. గొడుగు బిగించండి, వెనుక వైపు తెరిచే ఉంచండి.

ఆర్నెల్లు దాటితే జింక్ ఆక్సైడ్ ఉన్న ఎస్పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ బయటికెళ్ళే పావుగంట ముందు రాసి, రెండు గంటలకోసారి, నీళ్ళలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్ళీ రాయాలి. ఆ రోజు నూనె మర్దనా వద్దు. నూనె ఎండను ఆపదు, చెమట రంధ్రాలు మూసుకుపోయి చెమటకాయలు లేస్తాయి. కాటుక కూడా వద్దు, కొలను నీళ్ళకు కరిగి కళ్ళలోకి దిగుతుంది.

ఆరు గంటలుగా డైపర్ తడవకపోయినా, ఏడుస్తుంటే కన్నీళ్ళు రాకపోయినా, మాడు గుంటపడినా ఒంట్లో నీరు తగ్గినట్టే. ఇంకా ముదిరి ఒళ్ళు కాలిపోతూ మత్తుగా ఉన్నా, వాంతులైనా, ఫిట్స్ వచ్చినా వడదెబ్బ అనుకుని 108కి ఫోన్ చేయండి. ఈలోగా బట్టలు విప్పి, ఒళ్ళంతా తడుపుతూ విసరండి. పారాసిటమాల్ దీనికి పనిచేయదు. మత్తులో ఉన్న బిడ్డ నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

నీళ్ళు

మునిగిపోయే పసిబిడ్డ అరవదు, చేతులు కొట్టుకోదు. తల బరువుకు ముందుకు తూలుతుంది, ముఖం నీళ్ళలో పడుతుంది, లేవడం చేతకాదు, గొంతు బయటికి రాదు. అరడుగు నీళ్ళు చాలు, ఒక నిమిషం లోపే అంతా జరిగిపోతుంది. అందుకే పిల్లల కొలనే కదా అని గట్టు మీద కూర్చోకూడదు. చెయ్యి చాస్తే బిడ్డ తగిలేంత దగ్గర్లో, నీళ్ళలోనే ఉండండి. గాలి ఊదే చేతి పట్టీలు, బాతు ట్యూబులు బొమ్మలే. తలకిందులైతే కాళ్ళు పైకి తేలి బిడ్డ అలాగే ఇరుక్కుంటుంది.

నలుగురు పెద్దవాళ్ళు ఉన్నచోటే ఎవరూ చూడని క్షణాలు ఎక్కువ. అందరూ చూస్తున్నారనుకుంటే ఎవరూ చూడరు. నాలుగేళ్ళ లోపు ఒక్కో పిల్లకు ఒక్కో మనిషిని పేరుపెట్టి అప్పగించండి. మార్చుకునేటప్పుడు ‘ఇప్పుడు నువ్వు చూడు’ అని ఒకరనాలి, ‘సరే, నా దగ్గరుంది’ అని రెండోవారు అనాలి. ఆ మాట వినపడేదాకా మొదటివాళ్ళు కదలకూడదు. చూసే మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు, రీల్ ఇంకొకరు తీస్తారు. సంచులు కాస్తూ బెంచీ మీద కూర్చున్న తాతయ్యను ఈ లెక్కలో కలపకండి.

అలలు లేచే కొలనుకు, స్పీకర్లు దద్దరిల్లే రెయిన్ డ్యాన్స్‌కు పసివాళ్ళను తీసుకెళ్ళనే వద్దు. మామూలు డైపర్ నీళ్ళలో ఉబ్బి బరువెక్కి వేలాడుతుంది. స్విమ్ డైపర్ మూత్రాన్ని ఆపదు, మలాన్నే కాసేపు ఆపుతుంది. అరగంటకోసారి బయటికి తీసి చూడండి, మార్చేది మాత్రం గట్టు మీద కాదు, బాత్రూంలో. పెదాలు నీలంగా మారినా వణికినా ఆట అయిపోయినట్టే.

నీళ్ళలోంచి తీసిన బిడ్డను తలకిందులుగా పట్టుకుని ఊపడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం ఇప్పటికీ చూస్తుంటాం. అలా చేస్తే కడుపులోది గొంతులోకొచ్చి శ్వాసకు అడ్డం పడుతుంది. లైఫ్‌గార్డును కేకేయండి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ఏడాదిలోపు బిడ్డకైతే ముక్కూ నోరూ కలిపి మీ నోటితో మూసి ఐదుసార్లు ఊదాలి. ఇంకా కదలిక లేకపోతే ఛాతీ మధ్యలో 30 సార్లు నొక్కి రెండుసార్లు ఊదుతూ, సాయం అందేదాకా ఆపకూడదు. తేరుకున్నా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

జారుడుబల్ల, గుర్రాల చక్రం

బిడ్డ భద్రంగా ఉంటుందని ఒళ్ళో కూర్చోబెట్టుకుని జారతారు. జరిగేది దానికి సరిగ్గా వ్యతిరేకం. దారిలో బిడ్డ బూటు పక్క అంచుకు తగులుతుంది, పాదం అక్కడే ఆగుతుంది. వెనుక మీ అరవై డెబ్బై కిలోలు మాత్రం ఆగవు. మోకాలి కిందిఎముక మెలితిరిగి విరుగుతుంది. ఒంటరిగా జారి ఉంటే ఆ తేలిక ఒళ్ళు అక్కడే ఆగిపోయేది. ఒంటరిగా జారలేని పిల్లకు ఆ బల్ల ఎక్కే వయసు ఇంకా రానట్టే. మధ్యాహ్నం ఇనుప బల్లైతే మీ అరచేయి ఐదు సెకన్లు ఆనించి చూడండి.

గుర్రాల చక్రంలో రెండేళ్ళలోపు వాళ్ళకు గుర్రం కాదు, కదలని బెంచీ. కాలి పట్టీలు, మొలతాడు, మెడలోని దిష్టిదండ ఇంట్లోనే తీసేయండి. బిడ్డను ఎత్తుకున్న మీరు చున్నీని రెండు చివర్లూ ముడేసి నడుముకు దోపుకోండి.

నడవనని మారాం చేసే బిడ్డను ఇద్దరూ చెరో చెయ్యి పట్టి ‘హుప్’ అని గాల్లోకి ఊపుతారు. ఒకటి నుంచి నాలుగేళ్ళ మధ్య మోచేతి దగ్గరి కీలు ఇలాగే జారుతుంది. వాపు ఉండదు, బిడ్డ మాత్రం ఆ చెయ్యి ఎత్తకుండా కాస్త వంచి ఒంటికి ఆనించుకుంటుంది. మీరు లాగి సరిచేయకండి. డాక్టరు నిమిషంలో సర్దేస్తారు.

తిండి, బొమ్మలు

నాలుగేళ్ళలోపు వాళ్ళకు పాప్‌కార్న్, పల్లీలు, కోయని ద్రాక్ష ఇవ్వకండి. గొంతుకు అడ్డంపడి దగ్గు కూడా రాకపోతే, ఏడాదిలోపు బిడ్డను ముంజేతి మీద తల కిందికి ఉండేలా బోర్లా పడుకోబెట్టి భుజాల మధ్య ఐదు దెబ్బలు, తిప్పి ఛాతీ మధ్యలో అరచేతి మణికట్టు వైపు భాగంతో ఐదు నొక్కులు. ఏడాది దాటితే వీపు మీద ఐదు దెబ్బల తర్వాత పొట్ట పైభాగంలో లోపలికీ పైకీ ఐదు నొక్కులు. కనపడని దాన్ని వేలు పెట్టి వెతికితే ఇంకా లోపలికి పోతుంది.

గేటు బయట అమ్మే లైటు బొమ్మల్లో బటన్ బ్యాటరీ ఉంటుంది. స్క్రూ లేని మూత అయితే కొనకండి. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది, నొప్పి కోసం ఎదురుచూడకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. గాలిబుడగల్లో కొందరు హైడ్రోజన్ నింపుతారు, నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది.

తప్పిపోతే

గేటు దగ్గర తీసిన ఫొటో కొలను దగ్గర పనికిరాదు, అప్పటికి బట్టలు మారిపోయి ఉంటాయి. స్విమ్ డ్రెస్ వేశాక మళ్ళీ ఒకటి తీయండి. మీ నంబరు బిడ్డ ముంజేతి మీద పెన్నుతో రాసి పైన పారదర్శక ప్లాస్టరు అంటించండి. పేరు మాత్రం చొక్కా మీద రాయకండి, పేరుపెట్టి పిలిచిన ఎవరివెంటైనా పిల్లలు వెళ్ళిపోతారు. కనపడకపోతే ముందు నీళ్ళ వైపు చూడాలి, తర్వాత సెక్యూరిటీకి చెప్పి గేట్లు చూడమనాలి. అత్యవసర నంబరు 112, పిల్లల హెల్ప్‌లైన్ 1098 రెండూ పనిచేస్తాయి.

తిరుగు దారిలో

మంచినీళ్ళతో స్నానం చేయించి క్లోరిన్ వదిలించండి. నీళ్ళు మింగిన బిడ్డ ఆ రాత్రి దగ్గు ఆపకపోయినా, ఎగశ్వాసగా పీల్చినా ఆస్పత్రికి వెళ్ళాలి. ఎండలో నిలిపిన కారులో ‘టికెట్ రసీదు తెచ్చుకుని వస్తా’ అని కూడా బిడ్డను వదలకూడదు, పది నిమిషాల్లో లోపల పది డిగ్రీలు పెరుగుతుంది. నాలుగు తలుపులూ తెరిచి రెండు నిమిషాలు ఏసీ నడిపి, కారు సీటు బకిల్‌ను ముందు మీ చేతి వెనుక వైపు ఆనించి చూసుకున్నాకే బిడ్డను కూర్చోబెట్టండి.