కొన్న స్కిన్ మార్చేశారా, గన్ పవర్ తగ్గించారా? పైసలు వాపస్ అడిగే పద్ధతి

అప్‌డేట్ పడిన తెల్లారి గేమ్‌లో మనం పైసలు పెట్టి కొన్న ఐటమ్, అంటే గన్, క్యారెక్టర్, లేదా వాటి రూపం మార్చే స్కిన్, వేరేలా కనిపిస్తే చాలామంది ప్లే స్టోర్‌లో వన్ స్టార్ ఇచ్చి గేమ్ తీసేస్తరు. దానితో ఒక్క రూపాయి కూడా వెనక్కి రాదు. మీ ఐటమ్‌కి అసలు ఏం జరిగింది, అమ్మేటప్పుడు దాని గురించి వాళ్లు ఏం చెప్పారు, పరిహారం ఈ రెండిటి మీదే ఉంటది. అమీర్‌పేట్, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండే పిల్లలు ఇంటి నుంచి వచ్చిన ఖర్చుల పైసల్లోంచి తీసి ఇవి కొంటున్నరు, అందుకే ఇది చిన్న విషయం అని నేను అనుకోను.

ఏ సమస్య అయినా ముందు ఈ పని

జీమెయిల్‌కి వచ్చిన ప్లే స్టోర్ రసీదు వెతకండి, అందులో జీపీఏ అని మొదలయ్యే ఆర్డర్ నంబర్ ఉంటది. దానితో పాటు యూపీఐ ట్రాన్సాక్షన్ నంబర్, గేమ్‌లో మీ ప్లేయర్ ఐడీ కూడా తీసి పెట్టుకోండి. ఇక్కడ చాలామంది ఇరుక్కునేది ఏంటంటే, మనం ముందు కాయిన్స్ కొని ఆ కాయిన్స్‌తో స్కిన్ తీసుకుంటం కాబట్టి రసీదులో కాయిన్స్ ప్యాక్ పేరే ఉంటది, స్కిన్ పేరు ఎక్కడా ఉండదు. కాబట్టి గేమ్ లోపల కాయిన్స్ ఖర్చుల హిస్టరీ ఉంటే అది స్క్రీన్‌షాట్ తీయండి, తేదీ కనపడాలి. తర్వాత ఆ ఐటమ్ అమ్మేటప్పుడు వాళ్లు పెట్టిన వీడియో, పోస్ట్, షాప్ పేజీ, ఏది దొరికితే అది. ఈ పనులు అయ్యేదాకా ఐటమ్ వాడకండి, అకౌంట్ డిలీట్ చేయకండి.

సమస్య: ఐటమ్ ఉంది, కానీ పవర్ తగ్గింది

కారణం బ్యాలెన్స్ ప్యాచ్, అంటే ఆటలో బలాలు సమానం చేసే అప్‌డేట్. అందరూ అదే గన్, అదే క్యారెక్టర్ వాడుతుంటే కంపెనీ తగ్గిస్తది, వాళ్ల షరతుల్లో ఈ హక్కు ముందే రాసుకుంటరు. పైసల రూపంలో వాపస్ రావడం కష్టమే, ఆ మాట ముందే చెప్తున్న. కానీ గేమ్ లోపల పరిహారం ఇచ్చే అలవాటు కొన్ని కంపెనీలకి ఉంది. హార్త్‌స్టోన్ అనే కార్డ్ గేమ్‌లో ఏదైనా కార్డ్ బలం తగ్గిస్తే రెండు వారాల పాటు ఆ కార్డ్‌ని పూర్తి డస్ట్ (కొత్త కార్డులు చేసుకోవడానికి గేమ్‌లో వాడేది) విలువకి మార్చుకోనిస్తరు. గెన్షిన్ ఇంపాక్ట్‌లో 2024లో న్యూవిలెట్ క్యారెక్టర్‌ని మార్చినప్పుడు ఆటగాళ్లు గట్టిగా అడిగితే మార్పు వెనక్కి తీసుకుని 1600 ప్రైమోజెమ్స్ (ఆ గేమ్ కాయిన్స్ లాంటివి) ఇచ్చారు. కాబట్టి ప్యాచ్ నోట్స్ (అప్‌డేట్‌లో ఏం మారిందో కంపెనీ రాసే లిస్ట్) చివరి దాకా చదవండి, పరిహారం లైన్ అడుగున ఉంటది, దానికి గడువు ఉంటది, గడువు దాటితే ఎవరూ వినరు.

నిన్న కొని ఇవ్వాళ తగ్గిస్తే కథ వేరు. గూగుల్ ప్లేలో కొన్న 48 గంటల లోపు అయితే నేరుగా గూగుల్‌నే రీఫండ్ అడగొచ్చు, ఆ తర్వాత డెవలపర్‌ని అడగమంటరు. ఐఫోన్ వాళ్లకి యాపిల్ వాళ్ల రిపోర్ట్ ఎ ప్రాబ్లమ్ పేజీ ఉంది.

సమస్య: స్కిన్ రంగు, ఎఫెక్ట్, సౌండ్ మారింది

నాకైతే అన్నిటికంటే బలమైన కేసు ఇదే అనిపిస్తది. గన్ పవర్ విషయంలో ఆట అందరికీ సమానంగా ఉండాలి అనొచ్చు, కానీ స్కిన్‌లో వాళ్లు అమ్మిందే ఆ రూపం, అది మారిస్తే మనం కొన్న వస్తువే మారినట్టు. కారణాలు మామూలుగా మూడు: వేరే కంపెనీతో లైసెన్స్ అయిపోవడం, స్కిన్ వల్ల పొదల్లో కనపడకుండా దాక్కునే చాన్స్ దొరకడం, లేదా గ్రాఫిక్స్ ఇంజిన్ మార్చడం. మూడింటిలో ఏది అయినా తప్పు మనది కాదు.

గేమ్ సపోర్ట్‌కి టికెట్ (ఫిర్యాదు) పెట్టేటప్పుడు తిట్లు వద్దు, పెద్ద కథ వద్దు. ఇంగ్లిష్‌లో రాసినా విషయం ఇట్ల ఉండాలి: "ఫలానా తేదీన ఫలానా స్కిన్ కొన్నాను, ఆర్డర్ నంబర్ ఇది. అమ్మేటప్పుడు మీ వీడియోలో నడిచేటప్పుడు నిప్పు ఎఫెక్ట్ చూపించారు. ఫలానా అప్‌డేట్ తర్వాత అది లేదు. పాతది తిరిగి పెట్టండి, కుదరకపోతే కట్టిన మొత్తం అదే పేమెంట్ పద్ధతిలో వాపస్ ఇవ్వండి." చివరి ముక్క ముఖ్యం, ఎందుకంటే ఏమీ అడగకపోతే వాళ్లు నాలుగు కాయిన్స్ వేసి టికెట్ క్లోజ్ చేస్తరు. ఆ కాయిన్స్ మీకు చాలు అనుకుంటే తీసుకోండి, తప్పేం లేదు. చాలవు అంటే తీసుకునే ముందే అది రాసి పంపండి.

సమస్య: క్రేట్‌లో చాన్స్ తగ్గింది, లేదా "మళ్లీ రాదు" అన్నది మళ్లీ వచ్చింది

క్రేట్ అంటే లోపల ఏ ఐటమ్ వస్తదో తెలియకుండా కొనే పెట్టె, అందులో మంచిది వచ్చే చాన్స్ తగ్గించి చెప్పకపోవడం చాలా పెద్ద తప్పు. మేపుల్‌స్టోరీ గేమ్‌లో క్యూబ్ అనే ఐటమ్స్‌లో మంచి ఫలితం వచ్చే చాన్స్ మార్చి ఆటగాళ్లకి చెప్పలేదని దక్షిణ కొరియా ఫెయిర్ ట్రేడ్ కమిషన్ 2024 జనవరిలో ఆ గేమ్ కంపెనీ నెక్సాన్‌కి 1,160 కోట్ల వోన్‌ల జరిమానా వేసింది. మన దగ్గర అయితే "ఇదే ఆఖరి సారి" అని అమ్మి మళ్లీ షాప్‌లో పెడితే అది 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటన అని వాదించొచ్చు. దానికి ఆ మాట ఉన్న పాత పోస్ట్ మీ దగ్గర ఉండాలి, లేకపోతే వాదన నిలబడదు.

సమస్య: ఐటమ్ ధర మార్కెట్‌లో పడిపోయింది

2025 అక్టోబర్‌లో కౌంటర్ స్ట్రైక్ 2లో రెడ్ స్కిన్స్ (అరుదైన రకం) ఐదు ఇచ్చి కత్తి తీసుకునే దారి తెరిచేసరికి ఆటగాళ్లు ఒకరికొకరు అమ్ముకునే కత్తుల రేట్లు ఒక్కసారిగా పడ్డయి. కారణం రూల్ మార్పు, మీ కత్తి మాత్రం అట్లనే ఉంది. దీనికి పరిహారం రాదు, ఆ ఆశతో టైమ్ పెట్టకండి.

సమస్య: కొన్నది మొత్తమే మాయం

డెస్టినీ 2లో జనం కొన్న పాత క్యాంపెయిన్లు (ఆటలో కథ భాగాలు) 2020 నవంబర్‌లో తీసేశారు. ద క్రూ గేమ్ సర్వర్లు 2024 మార్చి 31న మూసేశారు, పైసలు పెట్టి కొన్నవాళ్లకి కూడా ఆట లేకుండా పోయింది. ఆ కోపంలోంచే, కొన్న గేమ్‌లు ఇట్ల మాయం చేయొద్దని అడిగే స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం పుట్టింది. సర్కారు బ్యాన్ చేస్తే అది ఇంకో దారి: 2020లో పబ్‌జీ మొబైల్ పోయినప్పుడు తర్వాత దాని ఇండియా వెర్షన్‌గా వచ్చిన బీజీఎంఐలోకి ఇన్వెంటరీ (మన దగ్గరున్న ఐటమ్స్) ట్రాన్స్‌ఫర్ చేసుకునే గడువు ఇచ్చారు. అట్లాంటి నోటీస్ కోసం గేమ్ అఫీషియల్ పేజీ చూస్తుండండి, పాత లాగిన్ పోగొట్టుకోకండి.

సమస్య: "మా షరతుల ప్రకారం కుదరదు" అని అదే జవాబు మళ్లీ మళ్లీ

ఇక్కడే సగం మంది వదిలేస్తరు. షరతుల్లో "మీకు లైసెన్స్ మాత్రమే ఇస్తున్నం" అని రాసుకున్నంత మాత్రాన మన చట్టం పక్కకి పోదు. 2020 ఈ-కామర్స్ రూల్స్ డిజిటల్ ప్రొడక్ట్స్‌కి కూడా వర్తిస్తయి, ఇండియాలో ఆఫీస్ లేకుండా ఇక్కడివాళ్లకి పద్ధతిగా అమ్మే కంపెనీలకీ వర్తిస్తయి. కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. యాప్‌లో చాట్ బాట్‌తో కొట్లాడకుండా ఆ ఆఫీసర్ మెయిల్ ఐడీ వెతికి అక్కడికి రాయండి.

అది కూడా కాకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేయండి, చాలా కంపెనీలు ఈ దశలోనే దిగి వస్తయి. దాని తర్వాత కన్స్యూమర్ కమిషన్. మీరు ఉండే చోటే కేస్ వేయొచ్చు కాబట్టి కంపెనీ ఏ దేశంలో ఉన్నా హైదరాబాద్ జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, నాంపల్లి దాకా తిరగకుండా ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో కూడా పెట్టొచ్చు. కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. ఒక్క జాగ్రత్త: ఫిర్యాదులో "అన్యాయమైన కాంట్రాక్ట్" అని రాస్తే అది రాష్ట్ర కమిషన్‌కి పోవాల్సి వస్తది, సేవా లోపం, అన్యాయ వ్యాపార పద్ధతి అని రాస్తే జిల్లాలోనే నడుస్తది.

బ్యాంక్‌కి చెప్పి చార్జ్‌బ్యాక్ పెట్టడం (కట్టిన పైసలు బ్యాంక్ ద్వారానే వెనక్కి లాగడం) మాత్రం ముందే చేయకండి, చాలా గేమ్‌లు అకౌంట్ లాక్ చేస్తయి, మిగతా ఐటమ్స్ కూడా పోతయి. టెలిగ్రామ్‌లో తక్కువకి కాయిన్స్ అమ్మేవాళ్ల దగ్గర కొన్నవైతే కంపెనీ రసీదు ఉండదు, ఆ దారిలో పరిహారం అడగలేరు. మీరు సోషల్ మీడియాలో ఫిర్యాదు రాయగానే "మేం రీఫండ్ ఇప్పిస్తం, ఓటీపీ చెప్పండి" అని మెసేజ్ వస్తే అది మోసమే. ఓటీపీ చెప్పి పైసలు పోయినయంటే ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి. ఇక కేస్ వేసే గడువు రెండేళ్లు. ఐటమ్ మారిన తేదీ చూపించే ప్యాచ్ నోట్స్ స్క్రీన్‌షాట్ కూడా ఫైల్‌లో పెట్టుకోండి, గడువు లెక్క దగ్గర అది అడుగుతరు.