నా అనుభవం: ట్రైగ్లిజరైడ్లు 450 ఉంటే రిపోర్టులోని ఎల్‌డీఎల్‌ను నమ్మొచ్చా?

నా రక్తపరీక్షలో టోటల్ కొలెస్ట్రాల్ 230, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 35, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) 450; అంకెలన్నీ mg/dLలో. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) మాత్రం 105 అని చూపించి, పెద్దగా భయం లేదనిపించింది. వెల్లుల్లి, నూనె మార్పు, మరో ల్యాబులో మళ్లీ అదే టెస్టు: ఏదీ చిక్కు విప్పలేదు.

విప్పింది ఒక తీసివేత. చాలా ల్యాబులు ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవవు, లెక్కగడతాయి: టోటల్‌లోంచి హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతునూ తీసేస్తారు. 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం ఇది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే పనికిరాదు, ఎల్‌డీఎల్ ఉన్నదానికన్నా తక్కువగా కనిపించొచ్చు.

అందుకే ముందు టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ ఒక్కటే తీసేశాను: 230 – 35 = 195. ఇది నాన్-హెచ్‌డీఎల్, అంటే రక్తనాళాల్లో పేరుకునే రకాలన్నీ కలిపి. డాక్టర్ చెప్పిన ఎల్‌డీఎల్ లక్ష్యానికి 30 కలిపి దీనితో పోల్చాలి. లక్ష్యం 100 అయితే హద్దు 130, ఇక్కడ 195! తర్వాత 12 గంటలు పరగడుపున ఉండి, మద్యం ముట్టకుండా, ‘డైరెక్ట్ ఎల్‌డీఎల్’ అని అడిగి చేయించాను. దాంతోపాటు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) కూడా. అదుపులో లేని షుగర్, మందకొడి థైరాయిడ్ ట్రైగ్లిజరైడ్లను పెంచుతాయి కాబట్టి వీటిని వదలొద్దు.

అందరికీ ఇదే వర్తిస్తుందని చెప్పలేను. ట్రైగ్లిజరైడ్లు 150 లోపుంటే మామూలు లెక్క చాలామటుకు సరిపోతుంది. ఎల్‌డీఎల్ 190 దాటితే వంశపారంపర్యం కావచ్చు, అది వేరే దారి. ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే క్లోమానికి వాపు వచ్చే ముప్పుంది, ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించండి.